పుట్టింటి కబురు ఎవరు తెచ్చేవారు?

చెల్లీ, పిల్లలు బళ్లకు వెళ్లారా? అయితే ఓ అరగంట నా దగ్గర కూర్చో. ఈ నెల మన ముచ్చట్లు నూట యాభై, రెండు వందల ఏళ్ల వెనకటివి.

పొద్దున లేస్తూనే నువ్వు అమ్మకు ఫోన్ చేస్తావు. మోకాళ్ల నొప్పి తగ్గిందా, మాత్ర వేసుకున్నావా అని అడుగుతావు. తమ్ముడి కొడుకు బోర్లాపడితే ఆ పూటే వీడియోలో చూస్తావు, బొబ్బట్లు ఎప్పుడని మరదల్ని నిలదీస్తావు. మరి 19వ శతాబ్దంలో మన అమ్మమ్మకు అమ్మమ్మ, ఆమెకు అమ్మ ఏం చేశారు? కోనసీమలో పుట్టి గుంటూరు వైపు కాపురానికి వెళ్లిన పిల్లకు తల్లి మంచాన పడిందని ఎవరు చెప్పారు? చెప్పేసరికి ఎన్నాళ్లయింది? ఆ పిల్ల తన కష్టం పుట్టింటికి చెప్పుకోవాలంటే దారేది? నన్ను చాలాకాలంగా పట్టి ఉన్న ప్రశ్నలివి. దొరికిన జవాబులు నీతో పంచుకుంటాను.

ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ఆడపిల్లకు ఎనిమిదో పదో ఏటనే మూడుముళ్లు పడేవి. ఈడేరాక అత్తవారింటికి పంపేవారు. గూడుబండిలో కూర్చుని వెళ్లడమే తప్ప, ఆ దారి ఎటు పోతుందో కూడా ఆ పిల్లకు తెలియదు. గోదావరికీ కృష్ణకూ వంతెనల్లేవు. వరద వస్తే పడవ ఆగేది, పడవతో పాటు కబురూ ఆగేది. ఏ సంక్రాంతికో అన్న బండి కట్టుకుని వస్తే, ఆషాఢానికో తొలికాన్పుకో పుట్టింటికి తీసుకెళ్తే, అదే ఆమెకు ఊరి సంగతులన్నీ ఒక్కసారిగా తెలిసే సమయం. ఎవరు నీళ్లోసుకున్నారు, ఎవరికి పురుడొచ్చింది, ఎవరి ఆవు ఈనింది, ఏ పెద్దాయన కాలం చేశాడు, అన్నీ అప్పుడే. మళ్లీ బండి ఎక్కిందంటే నెలల తరబడి చెవి వీధి గుమ్మం వైపే.

ఆ మధ్యకాలంలో కబుర్లు మోసింది ఎవరనుకున్నావు? ఊరి చాకలి, మంగలి. పెళ్లి పిలుపైనా, పురుడైనా, చావైనా వాళ్లు నడిచి వెళ్లి చెప్పవలసిందే. ఎండనకా వాననకా కోసుల దూరం నడిచి, గుమ్మం బయట నిలబడి, అప్పగించిన మాట అప్పగించినట్టు చెప్పి, పెట్టింది తిని వెనక్కి వెళ్లేవాళ్లు. మన కుటుంబాల చరిత్రలో వాళ్ల పేర్లు ఎక్కడా రాసిపెట్టి లేవు. కానీ మన ముత్తవ్వల మంచీచెడూ తరాల తరబడి మోసింది వాళ్లే, వాళ్లను మనం మరిచిపోకూడదు.

ఇంకొకరు గాజుల మనిషి. ఊరూరూ తిరిగే మనిషి కాబట్టి పది ఊళ్ల సంగతులు తెలిసేవి. అరుగు మీద కూర్చుని గాజులు తొడిగేంతసేపు కోడలు పిల్ల మాట్లాడటానికి వీలుండేది. మా ఊరు వెళ్లారా, మా అమ్మ కనిపించిందా, మా చెల్లెలికి సంబంధం కుదిరిందా అని అడగగలిగేది. మన పల్లె పాటల్లో ఎరుకలసాని వచ్చి పుట్టింటి సంగతి చెప్పడం ఊరికే రాలేదమ్మా. ఊరూరూ తిరిగే మనుషులే ఆ ఆడవాళ్లకు ఉత్తరాలు.

ఇక తిరునాళ్లు. శివరాత్రికి కోటప్పకొండ, భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, పన్నెండేళ్లకోసారి గోదావరి పుష్కరాలు. వాటిలో భక్తి ఎంత ఉందో, అక్కచెల్లెళ్లు కలుసుకోవాలన్న ఆశా అంతే ఉంది. వేర్వేరు ఊళ్లకు కోడళ్లుగా వెళ్లిపోయిన తోడబుట్టినవాళ్లు రేవు దగ్గర ఒకరినొకరు పట్టుకుని ఏడ్చిన ఏడుపు దేవుడికి తప్ప ఎవరికి తెలుసు!

చావు కబురు సంగతి చెప్పనా? కబురు ఆలస్యం కావడం ఎంత మామూలు సంగతంటే, ధర్మశాస్త్రాలే దానికి లెక్క రాసిపెట్టాయి. జ్ఞాతి పోయిన సంగతి పది రోజుల్లోపు తెలిస్తే మిగిలిన రోజులు మైల పట్టాలి. పది దాటాక తెలిస్తే మూడు రాత్రులు. ఏడాది దాటాక తెలిస్తే స్నానం చేస్తే చాలు. మనుస్మృతిలో ఉన్న నియమమిది. ఏడాది దాటాక! రక్తసంబంధీకుడు పోయాడని ఏడాదికి గానీ తెలియని రోజులు అంత సహజంగా ఉండేవన్నమాట. ఈ లెక్క చదివిన ప్రతిసారీ నాకు గుండె పట్టేస్తుంది. ఆ ఏడాదంతా ఆ మనిషి బతికే ఉన్నాడనుకుని, పండక్కి వస్తాడనుకుని, ఎదురుచూసిన ఆడవాళ్లు ఎందరో కదా.

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనేవారు మన పెద్దలు. వెళ్లినవాళ్ల జాడ తెలిసేది కాదు మరి. అలాంటి రోజుల్లో ఒక పెద్దమనిషి చేసిన పని వినదగింది. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న తల్లినీ భార్యనూ సుమారు వందమంది పరివారాన్నీ వెంటబెట్టుకుని కాశీయాత్రకు బయలుదేరారు. తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని 1831 సెప్టెంబరు 3న మద్రాసు తిరిగొచ్చారు. దారి పొడుగునా చూసినవన్నీ ఎప్పటికప్పుడు రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెగారికి పంపేవారు. ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, బాట ఎలా ఉంది, నీళ్లు ఎలా ఉన్నాయి, జనం ఎలా మాట్లాడతారు, అన్నీ నోటితో చెబుతున్నట్టే వాడుక మాటల్లో రాశారు. అవే 1838లో 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో పుస్తకమయ్యాయి. తెలుగులో యాత్రాచరిత్రలకు అది తొలిమెట్టు.

ఆ పుస్తకం నాకు ప్రాణం. కానీ ఒక కొరత మనసులో ఉండిపోతుంది. అదే దారిలో వీరాస్వామయ్యగారి తల్లిగారూ భార్యగారూ ప్రయాణం చేశారు కదా. వాళ్లూ కాశీ చూశారు, గంగలో మునిగారు, అలిసిపోయారు, భయపడ్డారు. వాళ్ల చేతి రాత ఒక్కటి మనకు ఉంటే ఎంత బాగుండేది!

ఇక తపాలా సంగతికి వద్దాం. ఈస్టిండియా కుంఫిణీ వాళ్లు మద్రాసులో 1786లోనే పెద్ద తపాలా ఆఫీసు పెట్టారు. అయినా మామూలు ఇళ్లకు అది చాలాకాలం అందని సరుకే. దూరాన్నిబట్టి, బరువునుబట్టి రుసుము. 1837 చట్టం వచ్చాక కలకత్తా నుంచి బొంబాయికి తులం బరువున్న ఉత్తరం పంపాలంటే రూపాయి. రూపాయి పెట్టి కూతురి క్షేమం కనుక్కోగల తండ్రులు ఎందరుంటారు?

1854 అక్టోబరు 1 నుంచి మార్పు వచ్చింది. పావు తులం లోపు ఉత్తరం దేశంలో ఎంత దూరానికైనా అర్ధణా. రూపాయికి పదహారణాలు కదా, అంటే ఒక్క రూపాయికి ముప్పై రెండు ఉత్తరాలు! పావు తులమంటే మన లెక్కలో మూడు గ్రాములు. పల్చని కాగితం తీసుకుని, సందు లేకుండా సన్నటి అక్షరాలతో నింపేయాల్సిందే. తపాలా బిళ్ల అంటించకుండా వేస్తే అందుకున్నవాళ్లు రెట్టింపు కట్టాలి. బేరింగు ఉత్తరం అంటూ మన పెద్దలు చెప్పుకున్నది దాన్నే. నిజాం రాజ్యంలో వేరే తపాలా ఉండేది, 1869లో అక్కడా సొంత బిళ్లలు వచ్చాయి.

ఆ ఉత్తరాల సంచులను మోసినవాళ్లను కూడా తలుచుకోవాలి. రైలు లేనిచోట తపాలా మనిషి గజ్జెలు కట్టిన కర్ర భుజాన వేసుకుని, మజిలీ నుంచి మజిలీకి పరుగెత్తేవాడు. అడవిలో పులి, ఏట్లో వరద, దారిలో దొంగ, అన్నీ దాటుకుని రావాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా కాలువల్లో పడవలు నడిచాయి, రాకపోకలు తేలికయ్యాయి. 1874లో సికింద్రాబాదుకు రైలు వచ్చింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన 1900లో తెరిచారు. ఒక్కో దారి తెరుచుకున్నప్పుడల్లా ఎక్కడో ఒక కూతురికి పుట్టిల్లు ఒక అడుగు దగ్గరైంది.

1879 జూలై 1న పోస్టు కార్డు వచ్చింది. పావణా, అంటే పైసా. రూపాయికి అరవై నాలుగు కార్డులు! పేదింటి గుమ్మంలోకి ఉత్తరం అడుగుపెట్టింది అప్పుడే. మరుసటేడు జనవరి నుంచి తపాలా ఆఫీసులోనే మనియార్డరు. కూలికి దూరదేశం పోయినవాడి సంపాదన భార్య చేతికి అందడానికి ఒక దారి దొరికింది.

దూరదేశం అన్నాను కదా, అదీ చెప్పాలి. 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు మనుషుల్ని ఒప్పందం మీద తీసుకుపోయారు. కోరంగి రేవు నుంచి వెళ్లినవాళ్లు ఎందరో. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరులో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులోనూ తెలుగువాళ్లున్నారు. ఆ తర్వాత కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల నుంచి రంగూనుకు స్టీమర్ల మీద వెళ్లినవాళ్లకు లెక్కే లేదు. మగవాడు ఓడ ఎక్కాడు, ఇక్కడ పెళ్లాం పిల్లలు నిలబడిపోయారు. ఉత్తరం వస్తే బతికున్నట్టు, రాకపోతే ఏమని అనుకోవాలి? పసుపు కుంకుమలు ఉన్నాయో లేవో తెలియకుండా ఏళ్ల తరబడి బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు మన సముద్రతీరపు ఊళ్లలో ఉన్నారు చెల్లీ. వాళ్ల ఓర్పును ఏ తూకంలో పెట్టి తూచగలం?

ఉపద్రవాలు వచ్చినప్పుడు ఇంకా ఘోరం. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చింది. సముద్రం మైళ్ల దూరం లోపలికి తోసుకొచ్చింది. పోయినవాళ్లు సుమారు 30,000 మంది అని అంచనా. బందరులో పుట్టి ఎక్కడో మెట్ట ఊళ్లో కాపురం చేసుకుంటున్న పిల్లను తలుచుకో. ఉప్పెన వచ్చిందన్న మాట ఊరంతా తెలిసింది. మా అమ్మానాన్నలున్నారా లేరా అన్న మాట ఎవరు చెప్పాలి? 1876 నుంచి 78 దాకా నడిచిన ధాత కరువులో రాయలసీమ కుటుంబాలు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. పనికోసం ఊరు విడిచినవాళ్లకు ఉత్తరం ఏ ఊరి పేరున వేయాలి?

ఇంతదాకా దారుల సంగతే చెప్పాను. అసలు చెప్పదలుచుకున్నది ఇప్పుడు చెబుతాను, శ్రద్ధగా విను.

కార్డు పైసాకే దొరికింది. రాసేదెవరు? ఊరి కరణమో, బడిపంతులో రాయాలి. అందుకున్న ఊళ్లో మామగారో, తపాలా మనిషో చదవాలి. ఉత్తరం చాలావరకు అల్లుడి పేరునో వియ్యంకుడి పేరునో వెళ్లేది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి, వానలు, పంటలు, అప్పులు, సంబంధాలు రాశాక, చివర ఒక్క ముక్క: అమ్మాయిని అడిగినట్టు చెప్పవలెను. తల్లి పక్కనే నిలబడి చెప్పించుకున్న మాటలు ఎన్నో ఉంటాయి. ఆ రాసే మగవాడి ముందు ఆవిడ ఎంత చెప్పగలదు? పిల్లకు నెల తప్పిందా, అత్తగారు బాగా చూస్తుందా, వేళకు తింటోందా అని పరాయి మగవాడి చేత ఎలా రాయిస్తుంది? రాయించినా, అక్కడ అత్తగారి ముందు పైకి చదువుతుంటే ఆ పిల్ల ఏమని జవాబు చెబుతుంది? అంతా బాగుందనే చెబుతుంది. కార్డు మీద అయితే దారిలో ఉన్నవాళ్లందరూ చదవొచ్చు.

అందుకే ఆ ఆడవాళ్ల క్షేమం ఉత్తరాల్లో ఉంది, కష్టం ఉత్తరాల్లో లేదు. తపాలా ఎంత చవకైనా, రైలు ఎంత వేగంగా పరుగెత్తినా, అక్షరం తన చేతికి రానంతకాలం ఆడదాని మనసులో మాట పుట్టింటికి చేరలేదు. 1901 జనగణనలో దేశం మొత్తం మీద వెయ్యిమంది ఆడవాళ్లలో చదువు వచ్చినవాళ్లు సుమారు ఏడుగురు. మిగిలినవాళ్లందరి మాటా ఇంకొకరి కలంలోంచే రావాలి, కొన్ని రానే రావు.

వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. 1883లో ఆడవాళ్ల కోసమే 'సతీహితబోధిని' పత్రిక తెచ్చారు. ఆడదానికి చదువెందుకని ఎదురొచ్చినవాళ్లు తక్కువేం కాదు. ఆడది ఉత్తరం రాయడం నేర్చుకుంటే ఇంటి గుట్టు బయటపడుతుందని భయపడ్డవాళ్లున్నారు. ఇంటి గుట్టు పేరుతో ఎన్ని ప్రాణాలు లోలోపల నలిగిపోయాయో వాళ్లకు పట్టలేదు. ఒక్కో ఆడపిల్ల ఓనమాలు దిద్దుకోవడమంటే ఒక్కో తల్లికి తన కూతురి మాట కూతురి చేత్తో అందడం. ఆ చదువు విలువ అది.

భండారు అచ్చమాంబగారిని చూడు. 1874లో పుట్టారు. పదేళ్లకే పెళ్లి. బడి మెట్టు ఎక్కలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. తెలుగు నేలకు దూరంగా, మధ్య పరగణాల్లో కాపురం. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్నారు. ఆ దుఃఖంలోనే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు, 1901లో అచ్చయింది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం స్థాపించారు. అదే ఏడు ఏలూరు నుంచి 'హిందూ సుందరి' పత్రిక మొదలైంది. అందులో ఆడవాళ్లు తమ పేర్లతో రాశారు. ఎక్కడో మారుమూల ఊళ్లో ఉన్న కోడలు ఇంకో ఊళ్లోని కోడలి మాట అచ్చులో చదువుకుంది. ఇవాళ నువ్వూ నేనూ ఇలా ముచ్చట్లాడుకుంటున్నామంటే ఆ తల్లుల చలవే.

గురజాడవారి 'దిద్దుబాటు' కథ 1910లో వచ్చింది. దారితప్పిన మొగుడికి చదువుకున్న కమలిని బుద్ధి చెప్పింది దేనితో? తన చేత్తో రాసిపెట్టిన ఉత్తరంతో. వెనకటి తరం భార్యకు ఆ ఆయుధం లేదు.

ఇక మన పని చెబుతాను. పాత ఇళ్లలో ఉత్తరాలు ఇనుప తీగకు గుచ్చి మూల తగిలించేవారు. మీ ఊరి ఇంట్లో అటకెక్కిన తీగ ఉందేమో, భోషాణం అడుగున మూట ఉందేమో అడుగు. దొరికితే తొందరపడి తీగనుంచి లాగకు, చిరుగుతాయి. ప్రతి ఉత్తరానికీ రెండు వైపులా ఫొటో తీయి, తపాలా ముద్ర కూడా కనిపించాలి. ఊరు, తేదీ, బిళ్ల ఖరీదు రాసుకో. ప్లాస్టిక్ సంచిలో బిగించకు, చెమ్మ పడుతుంది. పొడిగా ఉన్న కాగితపు కవర్లలో పెట్టు.

ఒకటి గుర్తుంచుకో. ఆ మూటలో పసుపు రాసిన శుభలేఖలు ఉంటాయి, పురుళ్ల ఉత్తరాలు ఉంటాయి, పొలాల తగాదాలు ఉంటాయి. చావు కబుర్లు మాత్రం ఉండవు. పైన శ్రీ లేకుండా రాసిన ఆ ఉత్తరాన్ని చదివి, చింపేసి, స్నానం చేసి ఇంట్లోకి రావడం మన ఆచారం. కాబట్టి ఉత్తరాలు చూసి కుటుంబ చరిత్ర అంతా దొరికిందనుకోకు. ఎవరెప్పుడు పోయారో, ఎలా పోయారో పెద్దవాళ్లనే అడగాలి. ముఖ్యంగా ఆడవాళ్ల పేర్లు అడుగు. ముత్తాత పేరు అందరికీ తెలుసు, ముత్తవ్వ పుట్టింటి ఊరు ఏదంటే చెప్పగలిగినవాళ్లు ఇంటికొకరైనా లేరు. మన నానమ్మలూ అమ్మమ్మలూ ఉండగానే ఆ పేర్లు, ఆ ఊళ్లు నోట్‌బుక్కులో ఎక్కించు.

ఇంకో మాట. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నాం, సంతోషమే. అయినా అంతా బాగుందన్న అబద్ధం ఇప్పటికీ ఎన్ని ఫోన్లలో నడుస్తోందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. వెనకటి ఆడవాళ్లు చెప్పుకునే దారి లేక దాచుకున్నారు. మనకు దారి ఉంది, అక్షరం ఉంది. కష్టంలో ఉంటే అమ్మకో, అక్కకో, నమ్మిన స్నేహితురాలికో నీ మాటల్లో చెప్పు. పక్కన ఎవరో ఉన్నారని నోరు మెదపలేకపోతే రాసి పంపు. నీ కూతురు అత్తవారింటి నుంచి బాగున్నానంటే ఊరుకోకు, ఒక్కదాన్నే పక్కకు తీసుకెళ్లి మళ్లీ అడుగు. నీ కోడలు వాళ్లమ్మతో మాట్లాడుతుంటే గదిలోంచి బయటికి వచ్చెయ్యి.